కాలి ఎముకతో కొత్త దవడ

నోట్లో మానని పుండు క్యాన్సరేనని తేలింది. ‘దవడ ఎముకలోకి కూడా పాకింది, ఆ ముక్క తీసేయాలి’ అన్నారు సర్జన్. ఆ మాట వినగానే ఇంటిల్లిపాదినీ పట్టుకునే భయం ఒకటే. దవడ తీసేస్తే ముఖం ఏమైపోతుంది? అన్నం ఎలా తింటాడు? నలుగురిలోకి ఎలా వెళ్తాడు? ఈ భయంతోనే చాలామంది ఆసుపత్రి నుంచి చెప్పకుండా వెళ్లిపోతారు. ఆకు పసరులు, నాటుమందులు, ‘కత్తి పెట్టకుండా తగ్గిస్తాం’ అనేవాళ్ల చుట్టూ తిరుగుతారు. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ వస్తారు. అప్పటికి నోరు తెరుచుకోదు. మెడలో గడ్డలు తేలుతాయి. మనిషి సగమైపోతాడు. అప్పుడైతే తీయగలిగిన కణితి ఇప్పుడు తీయలేని దశకు చేరుకుంటుంది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఒకప్పుడు దవడ తీశాక ముఖం ఒక పక్కకు లాగేసి, నోట్లోంచి చొంగ కారుతూ బతికినవాళ్లను మన పెద్దలు చూశారు. ఇప్పుడు పరిస్థితి మారింది. తీసిన ఎముక స్థానంలో మీ కాలి ఎముకతోనే కొత్త దవడను తయారుచేసి, అదే ఆపరేషన్‌లో అమర్చుతున్నారు. మన ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రుల్లోనూ ఈ తరహా ఆపరేషన్లు జరుగుతున్నాయి. దీని గురించి మీకు ముందే తెలిసి ఉంటే, నిర్ణయం భయంతో కాకుండా ఆలోచనతో తీసుకోవచ్చు.

మన దగ్గర దవడకే ఎందుకు?

మన దేశంలో ఏటా దాదాపు 1.4 లక్షల మంది కొత్తగా నోటి క్యాన్సర్ బారిన పడుతున్నారని 2022 గ్లోబోకాన్ అంచనా. మగవాళ్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే. పాశ్చాత్య దేశాల్లో నోటి క్యాన్సర్ ఎక్కువగా నాలుక మీద, నాలుక కింద వస్తుంటే, మన దగ్గర చిగుళ్లలో, బుగ్గ లోపలి పొరలో ఎక్కువ. కారణం మన అలవాటే. గుట్కా, ఖైనీ, జర్దా లాంటివి బుగ్గకూ కింది చిగురుకూ మధ్య సందులో కుక్కి గంటల తరబడి ఉంచుతాం. పొగాకులోని విషాలు అక్కడి పొరను రోజూ కాలుస్తూనే ఉంటాయి. ‘నేను పొగాకు వేయను, వక్క మాత్రమే నములుతాను’ అనేవాళ్లకూ మినహాయింపు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వక్కను కూడా క్యాన్సర్ కారకాల తొలి జాబితాలోనే చేర్చింది.

చిగురు చాలా పల్చటి పొర. దాని కిందే ఎముక. అక్కడ పుట్టిన కణితి కొద్దిగా లోపలికి దిగితే చాలు, దవడను తాకుతుంది. పంటి కుదుళ్లు దానికి దారి ఇస్తాయి. అందుకే పన్ను ఊరికే వదులైందని పీకించుకుని, ఆ గుంత నెలైనా మానక, చివరికి పరీక్ష చేస్తే క్యాన్సర్‌గా బయటపడేవాళ్లు ఉంటారు.

కణితి ఎముకను పైపైన తాకితే, ఎముక పై అంచును మాత్రమే చెక్కి, కింది అంచును నిలబెడతారు. దవడ తెగదు కాబట్టి పెద్ద సమస్య ఉండదు. కణితి ఎముక మూలుగలోకి దిగితే మాత్రం అటూ ఇటూ కనీసం సెంటీమీటరు ఆరోగ్యకరమైన భాగంతో సహా ఆ ముక్క మొత్తాన్ని తీయాల్సిందే. ఎంత తీయాలన్నది సీటీ, ఎంఆర్‌ఐ స్కాన్‌లు చూసి నిర్ణయిస్తారు. అదే సమయంలో మెడలోని లింఫ్ గ్రంథులనూ తీస్తారు. ‘మెడలో గడ్డ లేదు కదా, అది ఎందుకు’ అని చాలామంది అడుగుతారు. తొలి దశ నోటి క్యాన్సర్లపై ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. మెడ గ్రంథులను ముందే తీసినవాళ్లలో 3 ఏళ్ల తర్వాత 80 శాతం మంది జీవించి ఉన్నారు. గడ్డ కనిపించాక చూద్దామని ఆగినవాళ్లలో అది 67.5 శాతమే.

ఎముక తీసి వదిలేస్తే?

దవడ అంటే పళ్ల వరుస ఒక్కటే కాదు. నాలుకను ముందుకు పట్టి ఉంచే కండరాలు గడ్డం దగ్గరి ఎముకకే అతుక్కుని ఉంటాయి. ఆ ముందు భాగం పోతే నాలుక వెనక్కి జారి శ్వాసకు అడ్డం పడుతుంది. పెదవికి ఆధారం పోయి చొంగ ఆగదు. ఇలాంటివాళ్లకు పునర్నిర్మాణం తప్పనిసరి. పక్క భాగం పోతే మిగిలిన సగం దవడ లోపలికి, తీసిన వైపుకు లాగేస్తుంది. పైపళ్లూ కిందిపళ్లూ కలవవు.

మరి ఇనుప పట్టీ వేస్తే సరిపోదా? టైటానియం ప్లేటు ఎముక స్థానంలో కొంతకాలం నిలుస్తుంది. కానీ అది ప్రాణం లేని లోహం. రోజుకు వందల సార్లు నమిలే ఒత్తిడికి కొన్నాళ్లకు విరగొచ్చు. రేడియేషన్ తర్వాత పల్చబడిన చర్మాన్ని చీల్చుకుని బయటికి రావచ్చు. తుంటి నుంచి కాస్త ఎముక చెక్కి తెచ్చి పెడితే? దానికి సొంత రక్తప్రసారం ఉండదు. చుట్టూ లాలాజలం, తర్వాత రేడియేషన్. పెద్ద ఖాళీలో అది ఎక్కువసార్లు చీము పట్టి కరిగిపోతుంది.

కాబట్టి అక్కడ పెట్టాల్సింది ప్రాణమున్న ఎముక. దాంతోపాటు నోటి లోపలి పొరకు, ఒక్కోసారి బుగ్గ పైచర్మానికి కూడా ప్రాణమున్న చర్మం కావాలి.

ఫ్లాప్ అంటే ఏమిటి?

తోటలో కొమ్మ విరిచి గుచ్చితే అది బతకొచ్చు, బతకకపోవచ్చు. వేర్లు, వేర్లకు పట్టుకున్న మట్టితో సహా మొక్కను తవ్వి తెచ్చి నాటితే నిలదొక్కుకుంటుంది. ఫ్లాప్ ఆ రెండో పద్ధతి. చర్మాన్నో, కండరాన్నో, ఎముకనో దాన్ని పోషించే రక్తనాళంతో సహా తెచ్చి కొత్తచోట అమర్చడం.

ఇది మన నేలకు కొత్త విద్యేమీ కాదు. తెగిన ముక్కును బుగ్గ చర్మంతో తిరిగి నిర్మించే విధానాన్ని సుశ్రుతుడు వివరించాడు. నుదుటి చర్మంతో ముక్కు చేసిన ఒక భారతీయ శస్త్రచికిత్స గురించి 1794లో లండన్ పత్రికలో వచ్చిన కథనమే ఐరోపా వైద్యుల కళ్లు తెరిపించింది.

దవడ ప్రాంతంలో వాడే ఫ్లాప్‌లు ప్రధానంగా రెండు రకాలు.

మొదటిది ఛాతీ ఫ్లాప్. రొమ్ము కింది పెద్ద కండరాన్ని, దాని మీది చర్మాన్ని మూలం తెంపకుండా లేపి, మెడ చర్మం కిందుగా సొరంగంలా తీసుకొచ్చి నోట్లో కుడతారు. అమెరికా సర్జన్ స్టీఫెన్ ఏరియన్ 1979లో దీన్ని వివరించారు. రక్తనాళాలను కోసి కలిపే పని లేదు. మైక్రోస్కోప్ అక్కర్లేదు. ఆపరేషన్ సమయం తక్కువ. రోజుకు ఎన్నో కేసులు చూసే మన ఆసుపత్రుల్లో ఎంతోమంది ప్రాణాలు నిలబెట్టిన ఫ్లాప్ ఇది. వయసు మీరినవాళ్లకు, గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవాళ్లకు నేటికీ మంచి ఎంపిక. కానీ ఇందులో ఎముక ఉండదు. ముద్దగా ఉంటుంది. మెడలో ఉబ్బుగా కనిపిస్తుంది. మగవాళ్లకైతే నోట్లో కుట్టిన చర్మం మీద ఛాతీ వెంట్రుకలు కొన్నాళ్లు పెరుగుతుంటాయి కూడా.

రెండోది ఫ్రీ ఫ్లాప్. శరీరంలో దూరంగా ఉన్నచోటు నుంచి కణజాలాన్ని పూర్తిగా విడదీసి తెచ్చి, దాని ధమనిని, సిరను మెడలోని రక్తనాళాలతో మైక్రోస్కోప్ కింద కలిపి కుడతారు. బుగ్గ, నాలుక లాంటి మెత్తటి భాగాలకైతే ముంజేతి చర్మం లేదా తొడ చర్మం తెస్తారు. ఎముక కావాల్సి వస్తే ఎక్కువగా వాడేది కాలి సన్న ఎముక, ఫిబ్యులా.

కాలి ఎముకే ఎందుకు?

మోకాలి కింద మనకు రెండు ఎముకలుంటాయి. ముందు చేతికి తగిలే లావు ఎముక టిబియా. శరీరం బరువులో అత్యధిక భాగాన్ని మోసేది అదే. దాని పక్కన బయటివైపు కండరాల్లో దాగిన పెన్సిలు లాంటి సన్న ఎముక ఫిబ్యులా. ఇది మోసే బరువు చాలా తక్కువ. దీని పైభాగంలో మోకాలి దగ్గర కొంత, కిందిభాగంలో చీలమండ దగ్గర 6 నుంచి 8 సెంటీమీటర్లు వదిలేసి మధ్య ముక్కను తీస్తే నడకకు పెద్దగా లోటుండదు. పెద్దవాళ్లలో 25 సెంటీమీటర్ల దాకా ఎముక దొరుకుతుంది. ఒక చెంప నుంచి ఇంకో చెంప దాకా మొత్తం దవడకు అది సరిపోతుంది. ఎముక వెంటే నడిచే రక్తనాళం ఎముకతో పాటు దాని మీది చర్మాన్నీ పోషిస్తుంది. అంటే ఎముక, చర్మం రెండూ ఒకే మూటగా వస్తాయి.

రక్తనాళంతో సహా ఫిబ్యులాను తరలించే పద్ధతిని ఆస్ట్రేలియా సర్జన్ ఇయాన్ టేలర్ బృందం 1975లో వెలువరించింది. అప్పట్లో అది కాలి ఎముక లోటును పూడ్చడానికే. దాన్ని దవడకు వాడొచ్చని 1989లో న్యూయార్క్ సర్జన్ డేవిడ్ హిడాల్గో చూపించారు. ఇప్పుడు ప్రపంచమంతటా దవడ పునర్నిర్మాణంలో మొదటి ఎంపిక ఇదే.

ఆపరేషన్‌లో రెండు బృందాలు పనిచేస్తాయి. ఒకటి నోట్లో కణితిని, మెడ గ్రంథులను తీస్తుంటే, ఇంకోటి కాలి దగ్గర ఎముకను సిద్ధం చేస్తుంది. ఫిబ్యులా తిన్నగా ఉంటుంది, దవడ వంపుగా ఉంటుంది. కాబట్టి చట్రం మూల కలపడానికి వడ్రంగి చెక్కను ఏటవాలుగా కోసినట్టే, ఎముకలో చిన్న ముక్కలు కోసి, వంచి, చిన్న టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. కొన్నిచోట్ల ముందే సీటీ స్కాన్‌తో కంప్యూటర్‌లో కొలతలు వేసి, 3డీ ప్రింటింగ్‌తో దవడ నమూనా చేసుకుంటున్నారు. ఆ తర్వాత అసలైన నేర్పు. రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న రక్తనాళాలను తలవెంట్రుక కంటే సన్నని దారంతో కుడతారు. బిగింపు తీయగానే పాలిపోయిన ముక్కలోకి రక్తం పరుగెత్తి చర్మం మళ్లీ గులాబీ రంగుకు వస్తుంది. మొత్తం 8 నుంచి 12 గంటలు పడుతుంది. ‘ఇంతసేపు పట్టిందేంటి, ఏదో జరిగింది’ అని బయట కూర్చున్నవాళ్లు కంగారుపడొద్దు. పట్టే సమయమే అంత.

ఆపరేషన్‌కు ముందు మీ చేతుల్లో ఉన్నవి

పొగాకు వెంటనే మానేయండి. కణితి మీద ప్రభావం కోసమే కాదు. పొగాకు వల్ల గాయాలు మానడం ఆలస్యమవుతుంది, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరే ముప్పు పెరుగుతుంది. ‘ఎలాగూ వచ్చేసిందిగా, ఇంకేం మానేది’ అనుకోవడం పెద్ద పొరపాటు. చికిత్స తర్వాత కూడా కొనసాగించేవాళ్లలో నోట్లోనే మరోచోట కొత్త క్యాన్సర్ వచ్చే ముప్పు ఎక్కువ.

చక్కెరను అదుపులోకి తెచ్చుకోండి. మధుమేహం ఉన్నంత మాత్రాన ఆపరేషన్ ఆగదు. అవసరమైతే మాత్రలు ఆపి కొన్నాళ్లు ఇన్సులిన్ ఇస్తాం. ‘ఇన్సులిన్ మొదలుపెడితే జీవితాంతం’ అన్న భయంతో వద్దనకండి. గాయం మానేదాకా అదే మీకు రక్ష. గుండె జబ్బుకు రక్తం పల్చబరిచే మందులు వాడుతుంటే మీ అంతట మీరు ఆపొద్దు. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెబుతారు.

కాలి గురించి అన్నీ చెప్పండి. ఎప్పుడైనా ఎముక విరిగిందా, సిరలు ఉబ్బి మెలితిరిగాయా, కొంచెం దూరం నడిస్తే పిక్క పట్టేస్తుందా? పాదం నాడి చూసి, అవసరమైతే కాలి రక్తనాళాలకు సీటీ యాంజియోగ్రామ్ చేస్తారు. కొద్దిమందిలో పాదానికి రక్తం ప్రధానంగా ఫిబ్యులా పక్కనున్న నాళం నుంచే అందుతుంది. వాళ్లలో ఆ ఎముక తీయకూడదు. ముంజేతి ఫ్లాప్ అనుకుంటే, ఆ చేతికి సెలైన్ సూది పెట్టించుకోకండి. రక్తం కూడా అటు తీయించుకోకండి. వార్డులో సిస్టర్‌కు మీరే గుర్తుచేయండి.

పళ్ల డాక్టర్‌కు చూపించుకోండి. రేడియేషన్ ఇవ్వాల్సి ఉంటే పాడైన పళ్లను ముందే తీయించాలి. ఇక తిండి సంగతి. నొప్పికి తినలేక చాలామంది అప్పటికే చిక్కిపోయి ఉంటారు. రోజూ గుడ్లు, పాలు, పప్పు కట్టు, రాగి జావ, పల్లీలు వేసి రుబ్బిన జావ తీసుకుంటూ, మింగలేకపోతే ముక్కు గొట్టం ద్వారానైనా 10, 15 రోజులు బలం పుంజుకుంటే ఆపరేషన్‌ను శరీరం బాగా తట్టుకుంటుంది.

మొదటి వారం ఎలా గడుస్తుంది?

మెలకువ వచ్చేసరికి మీరు ఐసీయూలో ఉంటారు. నోట్లో వాపు వల్ల శ్వాస ఆగకుండా గొంతు ముందు చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టి ఉండొచ్చు. అది ఉన్నన్నాళ్లు మాట రాదు. ఇది ముందే తెలియక చాలామంది ‘గొంతు పోయింది’ అనుకుని ఏడ్చేస్తారు. వాపు తగ్గాక గొట్టం తీసేస్తే రంధ్రం పూడుకుంటుంది, మాట వస్తుంది. అందాకా పలకో, నోటుపుస్తకమో దగ్గరుంచుకోండి. తిండి ముక్కు గొట్టం ద్వారా వెళ్తుంది.

మొదటి 2, 3 రోజులు కీలకం. కుట్టిన రక్తనాళంలో గడ్డ కడితే ఎక్కువగా అప్పుడే కడుతుంది. అందుకే గంట గంటకూ సిస్టర్ వచ్చి టార్చి వేసి నోట్లో చర్మం రంగు చూస్తారు, సూదితో చిన్నగా గుచ్చుతారు. గులాబీ రంగులో వెచ్చగా ఉంటే అంతా బాగున్నట్టే. పాలిపోతే రక్తం రావడం లేదని, నీలంగా, వంకాయ రంగుకు తిరిగితే వచ్చిన రక్తం తిరిగి పోవడం లేదని అర్థం. వెంటనే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి నాళాన్ని సరిచేస్తే చాలావరకు ఫ్లాప్ దక్కుతుంది. గంటలు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. అర్ధరాత్రి మళ్లీ ఆపరేషన్ అంటే సంతకం పెట్టడానికి ఊళ్లో పెద్దలను అడగాలని ఆగకండి.

అనుభవమున్న కేంద్రాల్లో 100లో 95 వరకు ఫ్రీ ఫ్లాప్‌లు నిలుస్తాయి. నిలవని చోట ఛాతీ ఫ్లాప్ లాంటి మరో దారి ఉంటుంది. బంధువులు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. మెడ చుట్టూ తాయెత్తులు, దారాలు, బిగుతు కట్లు ఏవీ ఉండకూడదు. డాక్టర్ చెప్పిన వైపు కాకుండా మెడ తిప్పకూడదు. అక్కడే కొత్త దవడకు రక్తం పోసే నాళం ఉంది.

కాలికి కొన్ని రోజులు బద్ద కట్టి ఉంచుతారు. చర్మం తీసిన చోట తొడ నుంచి పల్చటి పొర తెచ్చి అతికిస్తారు. సాధారణంగా వారం లోపే పట్టుకుని నడిపిస్తారు. కొందరికి కొంతకాలం చీలమండ బిగుసుకున్నట్టు ఉండటం, కాలి బొటనవేలు సరిగా మడవలేకపోవడం ఉంటాయి. వ్యాయామంతో చాలావరకు సర్దుకుంటాయి.

రేడియేషన్ ఎగ్గొట్టొద్దు

ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే. ఆపరేషన్ బాగా జరిగింది, కొత్త దవడ వచ్చింది, కుట్లు విప్పారు. ఇక అయిపోయిందనుకుని ఊరెళ్లిపోతారు. కానీ ఎముకలోకి పాకిన క్యాన్సర్‌కు దాదాపు ఎప్పుడూ రేడియేషన్ కూడా అవసరమే. గ్రంథి గోడ దాటి క్యాన్సర్ బయటికి వచ్చినా, తీసిన అంచుల్లో కణాలు మిగిలినా దాంతోపాటు కీమో మందు కలుపుతారు. సాధారణంగా 30 సిట్టింగులు, వారానికి 5 చొప్పున 6 వారాలు. ఆపరేషన్ అయిన 6 వారాల్లోపు ఇది మొదలైతేనే పూర్తి ఫలితం. రెండు నెలలు ఊళ్లో ఉండి వస్తే, కంటికి కనిపించకుండా మిగిలిన కణాలకు మనమే గడువు ఇచ్చినట్టు.

ఆరు వారాలు కూలి పోతుంది, ఊరు దూరం, తోడు ఎవరూ లేరు. ఈ ఇబ్బందులు నిజమే. వాటిని ఆపరేషన్‌కు ముందే సర్జన్‌కో, ఆసుపత్రిలోని సామాజిక కార్యకర్తకో చెప్పండి. ఉండటానికి చోటు, ఇంటికి దగ్గర్లోని రేడియేషన్ కేంద్రం గురించి వాళ్లు దారి చూపగలరు. మధ్యలో మానేయడం కంటే ముందే అడగడం మేలు.

రేడియేషన్ సమయంలో నోరు పూస్తుంది, రుచి పోతుంది, లాలాజలం ఎండుతుంది. ఉప్పు, వంటసోడా కలిపిన నీటితో రోజుకు చాలాసార్లు పుక్కిలించండి. కారం, పులుపు, పచ్చళ్లు పక్కనపెట్టండి. తర్వాతి జీవితానికి రెండు జాగ్రత్తలు. రేడియేషన్ తగిలిన దవడలో పన్ను పీకించాల్సి వస్తే ఆ సంగతి పళ్ల డాక్టర్‌కు తప్పక చెప్పండి. లేదంటే గుంత మానక ఎముక కుళ్లే ప్రమాదం ఉంది. మెడకు రేడియేషన్ తీసుకున్నవాళ్లలో కొన్నేళ్లకు థైరాయిడ్ మందగించడం మామూలే. 6 నెలలకో ఏడాదికో టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోండి. నీరసం, బరువు పెరగడం, మందకొడితనం అన్నీ ‘క్యాన్సర్ వల్లే’ అనుకుని ఊరుకోకండి. ఒక చిన్న మాత్రతో అది తేలిపోవచ్చు.

నోరు, మాట, భుజం

గాయం మానాక మింగడం కొత్తగా నేర్చుకోవాలి. ముందు జావ, తర్వాత మెత్తగా పిసికిన చారన్నం, తర్వాత ఇడ్లీ. తింటుంటే పొలమారి దగ్గు వస్తే తొందరపడొద్దు, స్పీచ్ థెరపిస్టుకు చెప్పండి. తల ఏ భంగిమలో పెట్టి మింగాలో నేర్పిస్తారు.

నోరు బిగుసుకుపోకుండా వ్యాయామం అత్యవసరం. మామూలుగా మన నోట్లో మన మూడు వేళ్లు నిలువుగా పడతాయి. ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పళ్ల మధ్య పెట్టుకుని, డాక్టర్ చెప్పినప్పటి నుంచి రోజుకు ఒక్కో పుల్ల పెంచుతూ సాధన చేయండి. రేడియేషన్ సమయంలోనూ, తర్వాత నెలల తరబడీ ఇది ఆపొద్దు. మెడ ఆపరేషన్ వల్ల భుజం పడిపోయినట్టు అనిపిస్తే ఫిజియోథెరపీ మొదలుపెట్టండి.

కొత్త ఎముక, పాత దవడ అతుక్కోవడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ తర్వాత దానిమీద ఇంప్లాంట్ పళ్లు పెట్టే అవకాశం ఉంటుంది. అందరికీ కుదరదు, ఖర్చూ ఉంటుంది. కొన్ని లోట్లు మాత్రం మిగులుతాయి. కింది పెదవి తిమ్మిరిగానే ఉండొచ్చు. గట్టి జంతికలు కొరకలేకపోవచ్చు. ముఖం అచ్చం మునుపటిలా ఉండదు. అయినా నలుగురిలో కూర్చుని అన్నం తినొచ్చు, ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్లకు అర్థమవుతుంది, పనికి వెళ్లొచ్చు.

పై దవడ సంగతి

శ్రీకాకుళం నుంచి విశాఖ వరకు తీర గ్రామాల్లో కొందరు మహిళలు చుట్టను వెలుగుతున్న కొనను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దీన్నే అడ్డపొగ అంటారు. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగిలి అక్కడ క్యాన్సర్ వస్తుంది. అంగిలి తీస్తే నోటికీ ముక్కుకూ మధ్య తలుపు పోయినట్టే. తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో వస్తుంది. చిన్న లోటైతే కట్టుడు పళ్ల సెట్టులా పెట్టుకుని తీసే అడ్డుపలక సరిపోతుంది. పెద్దదైతే ఫ్లాప్ అవసరం.

ఇవి అందరూ అడిగేవే

*కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందటగా?*
కాదు. బయాప్సీ వల్ల, ఆపరేషన్ వల్ల క్యాన్సర్ పాకదు. ఆలస్యం వల్ల పాకుతుంది. ఆపరేషన్ తర్వాత తిరగబెట్టినవాళ్లను చూసి ఈ మాట పుట్టింది. వాళ్లలో చాలామంది ముదిరాక వచ్చినవాళ్లు, లేదా రేడియేషన్ పూర్తిచేయనివాళ్లు.

*ఆయన బదులు నా ఎముక తీసుకోవచ్చా?*
భార్యలు, అన్నదమ్ములు ఎంతో ప్రేమతో అడుగుతారు. వీలుపడదు. ఇతరుల కణజాలాన్ని శరీరం తిరస్కరిస్తుంది. తిరస్కరించకుండా ఉండాలంటే రోగనిరోధక శక్తిని అణిచే మందులు జీవితాంతం వాడాలి. క్యాన్సర్ వచ్చినవాళ్లకు అవి ప్రమాదం. అందుకే ఎవరి ఎముక వాళ్లదే.

*నాన్నకు 70 ఏళ్లు. చేయించొచ్చా?*
వయసొక్కటే అడ్డు కాదు. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలి రక్తనాళాలు ఎలా ఉన్నాయన్నది ముఖ్యం. ఫ్రీ ఫ్లాప్‌కు శరీరం తట్టుకోదనుకుంటే ఛాతీ ఫ్లాప్ ఉంది.

*ఖర్చు ఎంత? ఎక్కడికెళ్లాలి?*
హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, విశాఖ సమీపంలోని అగనంపూడిలో టాటా వారి హోమీబాబా క్యాన్సర్ ఆసుపత్రి మనకు అందుబాటులో ఉన్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ పథకాల్లో క్యాన్సర్ చికిత్సలున్నాయి. మీ ఆపరేషన్‌కు ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. సర్జన్‌ను ఈ నాలుగూ అడగండి: ఎముక ఎంత తీస్తారు? దాని స్థానంలో ఏం పెడతారు? ఇక్కడ ఫ్రీ ఫ్లాప్ చేస్తారా, లేకపోతే ఎక్కడికి పంపుతారు? రేడియేషన్ ఎప్పుడు, ఎక్కడ?

వీటిని వదిలేయొద్దు

2, 3 వారాలైనా మానని నోటి పుండు. బుగ్గలో, చిగురు మీద తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ. కారణం లేకుండా వదులైన పన్ను, పీకించాక మానని గుంత. నోరు మునుపటంత తెరుచుకోకపోవడం, కారం తగిలితే మంట. కింది పెదవి, గడ్డం తిమ్మిరి. మెడలో గడ్డ. చెవిలో ఏమీ లేకుండానే ఒక పక్క చెవిపోటు. వీటిలో ఏది ఉన్నా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి. చిన్న ముక్క తీసి చేసే బయాప్సీతో తేలిపోతుంది.

వారానికోసారి అద్దం ముందు నిలబడి, సెల్‌ఫోన్ లైటు వేసి బుగ్గలు పక్కకు లాగి, నాలుక ఎత్తి చూసుకోండి. గుట్కా, ఖైనీ మానలేకపోతుంటే 1800-11-2356కు ఫోన్ చేయండి. ఉచితమే. చిన్నగా ఉన్నప్పుడే కనిపెడితే దవడ దాకా వెళ్లకుండానే చికిత్స ముగుస్తుంది. దవడ దాకా వెళ్లినా దారి ఉంది. ఆ దారిలో నడవాలంటే మాత్రం ‘ఆపరేషన్’ అన్న మాట విన్న రోజు ఆసుపత్రి నుంచి లేచి వెళ్లకుండా ఉండాలి.